కిటికీ కొలతలు

హాల్‌బీ
ఫిబ్రవరి 9, 2025

ప్రియమైన నాన్నమ్మకు,

పుట్టబోయే బిడ్డకి మీరు అల్లి పంపిన చిన్న ఉన్ని మేజోళ్ళు అందాయి. నా బొటనవేలికి తొడిగి చూసుకున్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండు కాగితాలు చించేశాను. పదిహేనో ఏట అమ్మకి జబ్బు చేసి బడి మానేసినదాన్ని, తప్పులుంటే మన్నించండి. ఫోనులో మీకు వినపడదు, ఎలియట్‌కి తీరిక లేదు, శాండ్రా అత్తయ్యకి కలం పడితే నిద్ర వస్తుందట. అందుకని ఈ పని నాకు వచ్చింది.

పెద్ద కబురు మీ మనవడిదే. మన వార్డు కౌన్సిలర్ ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నారు. మే ఒకటిన ఉప ఎన్నిక. పార్టీ శాఖ వాళ్ళు ఎలియట్‌ని నిలబెట్టారు. ట్రాక్టర్ విడిభాగాల కౌంటరు వెనక నిలబడేవాడు ఇప్పుడు కన్సర్వేటివ్ అభ్యర్థి. మీరు ముప్పై ఏళ్ళు టీలు పోసిన శాఖలో ఇప్పుడు పదకొండు మందే మిగిలారు. పోయిన ఎన్నికల్లో దేశమంతా ఓడిపోయాక సగం మంది కొత్త పార్టీలోకి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళలో ఎలియట్ తరవాత చిన్నవారు అధ్యక్షురాలు పాగెట్ గారే. ఆవిడకి అరవై ఎనిమిది.

తను ఆదివారం భోజనాల దగ్గర కూడా ఊరుకోడు. "గంటకి ఇరవై మైళ్ళు దాటొద్దని బోర్డు పెట్టడానికి మనుషులుంటారు, ఆ బోర్డు కింద గుంట పూడ్చడానికి ఉండరు. బస్సు తీసేశారు. పెట్రోలు కారు కొనొద్దంటారు. ఇక ఈదుకుంటూ పోవాలా పనికి?" అంటాడు. అత్తయ్య "బఠాణీలు చల్లారుతున్నాయి, ముందు తిను, దేశాన్ని తరవాత బాగుచెయ్యి" అంటుంది.

చర్చి వెనక పొలంలో నలభై రెండు ఇళ్ళు కడతామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. దాన్ని ఆపడమే ఈ ఎన్నికలో మన పార్టీ మొదటి మాట. కరపత్రం కోసం ఆ పొలం దగ్గర ఫోటో తీశారు. సమస్య ఏదైతే దాని వైపు వేలు చూపించి మొహం దిగాలుగా పెట్టాలట. గుంటకీ అంతే, నిండిన చెత్తకుండీకీ అంతే. పాగెట్ గారు "నువ్వు కూడా చూపించమ్మా, కుటుంబం కనపడాలి" అన్నారు. చూపించాను. నాకు ఎటు చూపించాలో తెలియక వేలు అక్కడ మేస్తున్న గుర్రం వైపు పోయింది.

మా కొత్త ఇంటి కిటికీ కొలతలు అడిగారు. ముందు గదికి ఒక్కటే కిటికీ. వెడల్పు తొమ్మిది అడుగులు, ఎత్తు ఆరు. మిల్ వీధిలో పోస్టు సరిగ్గా రాదు, ఉత్తరాలు అత్తయ్య ఇంటికే పంపండి.

మీ మనవడి భార్య,
కార్లీ

◆

టార్కీ
ఫిబ్రవరి 20

కార్లీ పిల్లా,

తొమ్మిది అడుగులా? మిల్ వీధిలో అవి పిచ్చుక గూళ్ళలాంటి ఇళ్ళని నా జ్ఞాపకం. ఎవరో గోడ కొట్టించి పెద్ద కిటికీ పెట్టించి ఉంటారు. మంచిదే. బట్ట తెచ్చాను, ఆవాల పసుపు రంగు, లోపల దళసరి అస్తరు. నా చెల్లెలు మేవిస్ "ఇది ఇంటికా, సినిమా హాలుకా" అంటోంది. దాని మాట పట్టించుకోకు, అది బతుకంతా అద్దెకున్న మనిషి.

వాడు నిలబడ్డాడని చదివి నేను లేచి నిలబడ్డాను. విరిగి అతికిన తుంటితో, ఊరికే కాదు. మన వంశంలో కౌన్సిలర్ లేడు. ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడిగేటప్పటికి వాడికి ఈ మాటలు చెప్పు. గేటు తీస్తే మళ్ళీ వేసి రావాలి. గడ్డి మీద అడ్డంగా నడవకూడదు. తలుపులో ఉత్తరాల సందులోకి వేళ్ళు పెట్టకూడదు, లోపల కుక్క కాచుకుని ఉంటుంది. టీ ఇస్తామంటే ఒక్క ఇంట్లోనే తాగాలి, లేకపోతే నాలుగో వీధికి చేరేసరికి పాయిఖానా కోసం పరుగెత్తాల్సి వస్తుంది.

ఆ పొలంలో ఇళ్ళు పడనివ్వకండి. కంపెనీ ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉంటాయి. మీకెటూ ఇల్లు దొరికింది.

నేను ఈ పార్టీలో ఎందుకు చేరానో వాడికి తెలుసు, నీకు తెలియదు. మేం కౌన్సిల్ వారి అద్దె ఇంట్లో పద్దెనిమిదేళ్ళు ఉన్నాం. వీధి మొత్తం ఒకటే ఆకుపచ్చ తలుపులు. మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టాలి. అద్దెకున్నవాళ్ళే ఇల్లు కొనుక్కోవచ్చని ఈ పార్టీ చట్టం తెచ్చాక మేం కొన్నాం. కాగితాలు చేతికొచ్చిన రోజే మీ తాత బ్రష్షు కొనుక్కొచ్చి తలుపుకి పసుపు రంగు వేశాడు. తడి ఆరకముందే వీధంతా వచ్చి చూసింది. ఎదురింటావిడ "కళ్ళు పోతున్నాయి బెరిల్" అంది. "పోతే పోనీ, నా తలుపు" అన్నాను.

మీ తలుపు ఏం రంగు? రాయి.

నాన్నమ్మ

◆

హాల్‌బీ
మార్చి 9

ప్రియమైన నాన్నమ్మకు,

జవాబు ఆలస్యమైంది. రోజూ బడి వంటగదిలో పిల్లలకి వడ్డించి మూడింటికి బయటపడతాను, అక్కడి నుంచి కరపత్రాల సంచీ భుజానికి తగిలించుకుంటాను. ఎలియట్ తలుపు కొడతాడు, నేను గేటు దగ్గర నిలబడి ఆ ఇంటివాళ్ళు మనవాళ్ళా, కాదా, తేల్చుకోలేదా అని కాగితం మీద గుర్తు పెడతాను. నన్ను ఎవరూ ఏమీ అడగరు, అదొక్కటే సుఖం.

తలుపులు తీసినవాళ్ళు తనని బాగా విసిగిస్తున్నారు. ఒకాయన "పద్నాలుగేళ్ళు మీరే ఏలారుగా, ఏం పీకారు?" అన్నాడు. ఎలియట్ "నేను అప్పుడు బళ్ళో ఉన్నానండీ" అన్నాడు. "అయితే అప్పుడే చెప్పాల్సింది" అని తలుపేశాడు. పెద్ద రోడ్డు మీది హోటల్లో వేరే దేశాల నుంచి శరణు కోరి వచ్చినవాళ్ళని పెట్టారు కదా, దాని మీద ఒకావిడ అనకూడని మాటలన్నీ అంది. ఎలియట్ "ఊరికి ఒక్క మాట చెప్పకుండా పెట్టారని నా కోపం ప్రభుత్వం మీద. వాళ్ళ మీద కాదు" అన్నాడు. "మెతకవాడివి, నా ఓటు కొత్త పార్టీకి" అందావిడ. పక్కింట్లో కాలేజీ అమ్మాయి ఎలియట్ చొక్కాకి గుచ్చుకున్న పార్టీ రిబ్బన్ పువ్వు చూసి "రాతిగుండె పార్టీ" అంది. గేటు వేసి బయటికొచ్చాక తను "ఒకే వీధిలో మెతకవాణ్ణి, రాతిగుండెవాణ్ణి కూడా అయ్యాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

పొలం సంగతి. అభ్యంతరం ఉన్నవాళ్ళు కౌన్సిల్‌కి ఉత్తరాలు రాయాలని పాగెట్ గారు ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నారు. ఏం రాయాలో ఎలియట్ చేతే రాయించి నకళ్ళు తీయించారు. అరుదైన పిట్టలున్నాయని, దారి ఇరుకని, ఊరి రూపు చెడుతుందని. తను అది రాస్తూ రాస్తూ పెన్ను బల్ల మీద పడేశాడు. "నా ఈడు వాళ్ళకి ఇళ్ళు లేవని రెండేళ్ళుగా ఈ శాఖలో అరుస్తున్నది నేనే. మొదటి కరపత్రం మాత్రం ఇళ్ళు వద్దని" అన్నాడు. "మరి ఎందుకు రాస్తున్నావు" అని అడుగుదామనుకున్నాను. ఈలోగా మళ్ళీ పెన్ను తీసుకున్నాడు. "ముందు గెలవాలి, కార్లీ. లోపలికి వెళ్ళాక మార్చొచ్చు."

నాన్నమ్మా, నా మనసులో ఒక మాట ఉంది. తనతో చెప్పాలంటే నాలుక మడత పడుతుంది. ఎన్నిక పెట్టుకుని ఇప్పుడు చెప్పడం న్యాయమో కాదో కూడా తెలియడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

తలుపు రంగు అడిగారు. తెల్లది.

కార్లీ

◆

టార్కీ
మార్చి 17

కార్లీ పిల్లా,

నాకు అర్థమైంది. నా పెళ్ళైన కొత్తలో మీ తాత ఫుట్‌బాల్ క్లబ్బు పిచ్చిలో పడి నన్ను మర్చిపోయాడు. నీకు ఈ తిరుగుళ్ళు పడడం లేదు, కడుపుతో ఉన్నదానివి, మొగుడు ఇంటిపట్టున ఉండడం లేదు. అంతేనా? లేక ఆ శాఖలో ఇంకెవరైనా చిన్నది చేరిందా?

ఏదైనా సరే, నోటితో చెప్పలేనిదాన్ని కాయితం మీద పెట్టు. నీకు మాట రాదు కానీ రాత బాగుంది, అది నీకెవరూ చెప్పి ఉండరు. సూటిగా రాయి. కింద నీ పేరు పెట్టు. ఆ విషయం తేల్చే చెయ్యి ఎవరిదో వాళ్ళకే పంపు. నేను మీ తాతకి అలాగే ఒక ఉత్తరం రాసి ఆయన లంచి డబ్బాలో పెట్టాను. సాయంత్రం పువ్వులు తెచ్చాడు. పెట్రోలు బంకులో కొన్నవే, అయినా తెచ్చాడు.

కర్టెన్లు అయ్యాయి. పార్సెల్ మాత్రం తిన్నగా మిల్ వీధి ఆరో నంబరుకే పంపుతున్నాను. శాండ్రా చేతిలో పడితే దాని కిటికీకి కట్టేసుకుంటుంది.

నాన్నమ్మ

◆

టార్కీ
ఏప్రిల్ 5

కార్లీ,

ఈ ఉదయం పార్సెల్ తిరిగొచ్చింది. పైన రాసి ఉంది: ఈ పేరు గలవారు ఇక్కడ లేరు, ఇది సెలవులకి అద్దెకిచ్చే ఇల్లు.

నాలుగు వారాలు కుట్టాను. నా కళ్ళు ఎలా ఉన్నాయో నీకు తెలుసు. క్రిస్మస్ కార్డులో ఇల్లు దొరికిందని రాసినవాడు నా మనవడు. కిటికీ కొలతలు రాసిచ్చింది నువ్వు. తెల్ల తలుపు అని రాసింది నువ్వు. లేని కిటికీని కొలిచేవాళ్ళు ఓట్లు ఏం అడుగుతారు? మేవిస్ నవ్వుతోంది. నాకు నవ్వు రావడం లేదు.

బెరిల్ స్టెబింగ్

◆

హాల్‌బీ
ఏప్రిల్ 6

ప్రియమైన నాన్నమ్మకు,

ముందు నిజం చెప్పేస్తాను. మాకు ఇల్లు లేదు. మిల్ వీధి ఇల్లు చూశాం, ఇస్తామన్నారు, తరవాత యజమాని సెలవులకొచ్చేవాళ్ళకి ఇచ్చుకుంటేనే మేలని మనసు మార్చుకున్నారు. అప్పటికే ఎలియట్ మీకు కార్డు పోస్టు చేశాడు. మళ్ళీ లేదని రాయడానికి తనకి సిగ్గేసింది. మేం అత్తయ్య ఇంట్లో చిన్న గదిలో ఉంటున్నాం. కిటికీ టీ పళ్ళెమంత ఉంటుంది. మీరు కొలతలు అడిగిన చీటీ అందిన రోజు నేను బడి వంటగదిలో ఉన్నాను. చేతిలో టేపు ఉంది, ఎదురుగా పెద్ద కిటికీ ఉంది. అదే కొలిచాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. తెల్ల తలుపు కూడా బడిదే.

ఇక రెండో తప్పు. మీరు సూటిగా రాసి, తేల్చే చెయ్యి ఎవరిదో వాళ్ళకి పంపమన్నారు. నేను కౌన్సిల్‌కి రాశాను. ఆ పొలం విషయం తేల్చేది వాళ్ళే కదా అనుకున్నాను. ఇది ఆ ఉత్తరం, నకలు ఉంచుకున్నాను:

"అయ్యా, చర్చి వెనక పొలంలో ఇళ్ళు కట్టనివ్వండి. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. మా గదిలో మంచం వేశాక తలుపు సగమే తెరుచుకుంటుంది. జూలైలో మాకు బిడ్డ పుడుతుంది. మీరు కట్టేసరికి ఆ బిడ్డకి నడక వస్తుంది, అయినా ఫర్వాలేదు. ఆ పొలంలో పిట్టలున్నాయంటున్నారు. నేను రోజూ దాని పక్క నుంచే పనికి పోతాను, ఒక గుర్రాన్ని చూశాను. ఉన్న ఇళ్ళలో కొన్నింట్లో ఏడాదిలో పదిరోజులే దీపం వెలుగుతుంది. కార్లీ స్టెబింగ్."

వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ పేరుతో సహా ఊరందరూ చదివేలా కౌన్సిల్ వాళ్ళు తమ వెబ్‌సైటులో పెడతారట. ఉత్తరాలు రాయమని వాళ్ళు పంచిన నోటీసు వెనకవైపు ఆ సంగతి చిన్న అక్షరాలతో ఉంది. నేను వెనక్కి తిప్పలేదు. నూట ముప్పై ఎనిమిది ఉత్తరాలు వద్దని, ఒక్కటి కట్టమని. ఆ ఒక్కటి అభ్యర్థి భార్యది.

మొన్న శుక్రవారం శాఖ సమావేశంలో పాగెట్ గారు దాన్ని పైకి చదివారు. నేను బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి "ఇది నీ భార్యకి ఎవరైనా చెప్పి రాయించారా, ఎలియట్?" అని తనని అడిగారు. నన్ను అడగలేదు. తను నేలకేసి చూశాడు. నామినేషన్ల గడువు బుధవారమే అయిపోయింది, అభ్యర్థిని మార్చడానికి లేదు. లేకపోతే అప్పుడే మార్చేసేవారు.

ఇంటికి నడిచి వస్తుంటే తను "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా" అన్నాడు.

"ఎప్పుడు చెప్పను? నువ్వు మాట్లాడటం ఆపితే కదా" అన్నాను. పెళ్ళయ్యాక నేను తనతో అన్న పెద్ద మాట అదే.

"ఉత్తరం వెనక్కి తీసుకో. తెలియక రాశానని రెండు ముక్కలు రాసివ్వు."

"తెలిసే రాశాను."

అప్పటి నుంచి మాటల్లేవు. ఏడడుగుల వెడల్పు గదిలో మాటల్లేకుండా ఉండటం ఎంత కష్టమో మీకు రాసి చెప్పలేను. ఒకరు కదలాలంటే ఇంకొకరు మంచం ఎక్కి కూర్చోవాలి. ఇరవై నాలుగున ఊరి హాల్లో అభ్యర్థులందరినీ కూర్చోబెట్టి జనం ప్రశ్నలు అడుగుతారు. ఇదే అడుగుతారు. తను నా పక్కన నిలబడతాడో లేదో నాకు తెలియదు. ఇల్లు రాకపోయినా ఓర్చుకుంటాను కానీ ఇది ఓర్చుకోలేను.

కర్టెన్లు మీకే తిరిగొస్తే మళ్ళీ పంపవద్దు.

కార్లీ

◆

టార్కీ
ఏప్రిల్ 12

కార్లీ తల్లీ,

నా ఉత్తరమూ నీదీ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది చించెయ్యి.

నేను రాయమన్నది మొగుడికి. నువ్వు రాసింది ప్రభుత్వానికి. మేవిస్ కాఫీ ముక్కులోంచి వచ్చేదాకా నవ్వింది. నేను కూడా చివరికి నవ్వాను. తరవాత నీ ఉత్తరం మళ్ళీ చదివి లోపలికి పోయి కూర్చున్నాను.

ఎందుకంటే, నేను ఇక్కడికి వచ్చేటప్పుడు నా ఇల్లు ఎవరికి అమ్మాను? ఎక్కువ ఇస్తానన్న లండన్ ఆయనకి. నెలకి రెండు శనివారాలు వస్తాడట. పసుపు తలుపుకి బూడిద రంగు వేయించాడట. అప్పుడు మీ ఈడు జంట ఒకటి వచ్చి అడిగింది, నేను ఆలోచించను కూడా లేదు. తలుపు గురించి ఇన్నేళ్ళు గొప్పలు చెప్పుకున్నాను, ఆ తలుపు వెనక ఎవరున్నారో చూడలేదు.

పాగెట్‌కి ఉత్తరం రాశాను. దాని పై అంతస్తు కిటికీలోంచి ఆ పొలం కనపడుతుంది, దానికి తప్ప ఆ పిట్టలు ఇంకెవరికీ కనపడవు అని రాశాను. కౌన్సిల్‌కి కూడా రాశాను. నాకక్కడ ఓటు లేదు, నోరుంది. ఇప్పుడు కట్టమనే ఉత్తరాలు రెండు.

వాడికి ఈ చీటీ ఇవ్వు, చదవకుండా ఇవ్వు. పార్సెల్ మళ్ళీ పంపుతున్నాను, ఈసారి శాండ్రా ఇంటికే. కుట్టింది కుట్టాను, నేనేం చేసుకోను?

నాన్నమ్మ

◆

హాల్‌బీ
మే 11

ప్రియమైన నాన్నమ్మకు,

చీటీ ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నాడు, ఏముందో చెప్పలేదు. పార్సెల్ కూడా వచ్చింది.

హాల్లో సంగతి రాస్తాను. తొంభై మంది వచ్చారు. నేను వెనక కోట్లు తగిలించే చోట నిలబడ్డాను. మొదటి ప్రశ్న గుంటల గురించి, రెండోది వేగం బోర్డులు, మూడోది హోటలు. తను బాగానే చెప్పాడు, ఒకటి రెండుసార్లు నవ్వించాడు కూడా. అప్పుడు కొత్త పార్టీ ఆయన లేచి "స్టెబింగ్ గారూ, పొలం విషయంలో మీరు మీ భార్యతో ఉన్నారా, మీ కరపత్రంతో ఉన్నారా?" అన్నాడు. జనం ఒక్కసారి నవ్వారు. కొందరు నా వైపు తిరిగారు.

ఎలియట్ చేతిలో కరపత్రం బల్ల మీద పెట్టాడు. నీళ్ళ గ్లాసు జరిపాడు. తరవాత "నా భార్యతో" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. "మా కరపత్రం రాసింది నేనే, అది నేను నమ్మి రాయలేదు. మాది ఉన్నదాన్ని కాపాడుకునే పార్టీ. ఏదో ఒకటి ఉంటేగా కాపాడుకోవడానికి. మా నాన్నమ్మకి ఒక తలుపు దొరికింది, ఆవిడ ముప్పై ఏళ్ళు ఈ పార్టీకి టీలు పోసింది. నా ఈడు వాళ్ళకి మీరు తలుపు చూపిస్తున్నది బయటికి పొమ్మని" అన్నాడు. ముందు వరసలో పాగెట్ గారు సంచీ తీసుకుని లేచారు. ఆవిడ వెనక నలుగురు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఒకాయన మాత్రం "అయితే గుంటలు పూడ్చేది ఎవరు?" అన్నాడు.

ఆ తరవాత శాఖ నుంచి ఒక్కరూ సాయానికి రాలేదు. వారం రోజులు మేమిద్దరమే తిరిగాం. నా పాదాలు వాచాయి, కొన్ని వీధులు తను ఒక్కడే చేశాడు. మూడో స్థానం వచ్చింది. కొత్త పార్టీ ఆయన గెలిచాడు. ఓట్లు లెక్కపెట్టే హాలు బయట తను గోడకానుకుని "అటు ఇళ్ళు వద్దన్నవాళ్ళ ఓట్లూ పోయాయి, ఇటు ఇళ్ళు కావాలన్నవాళ్ళు ఓటే వెయ్యలేదు. వాళ్ళెవరూ ఈ ఊళ్ళో లేరు కార్లీ, అద్దెలు చౌకగా ఉన్నచోటికి ఎప్పుడో వెళ్ళిపోయారు" అన్నాడు.

మొన్న గురువారం కౌన్సిల్ కమిటీ కూర్చుంది. ఆరుగురు వద్దని, ఐదుగురు కావాలని. పొలం పొలంగానే ఉంది. కంపెనీ పై వాళ్ళకి అప్పీలు పెడుతుందట, ఏడాది పట్టొచ్చు. మన రెండు ఉత్తరాలూ ఇంకా సైటులో ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

ఎలియట్ పార్టీ వదల్లేదు. పాగెట్ గారు రాజీనామా ఇస్తాడేమోనని చూశారు. "వాళ్ళు నన్ను తీసెయ్యనీ, నేను మాత్రం పోను. టీలు పోసినవాళ్ళ మనవణ్ణి" అన్నాడు. పోయిన మంగళవారం శాఖ సమావేశానికి వెళ్ళి అందరికీ టీ పోశాడట. ఎవరూ మాట్లాడలేదట. టీ మాత్రం తాగారట.

కర్టెన్ల సంగతి చెప్పి ఆపుతాను. అవి మా కిటికీకి పట్టవు కదా. అయినా మడత పెట్టి ఉంచడానికి మనసొప్పక, ఆదివారం తను గది పొడుగు గోడకి ఈ మూల నుంచి ఆ మూలకి కడ్డీ కొట్టాడు. మేకులకి అత్తయ్య దగ్గర అర్జీ పెట్టుకున్నాడు. మీ కర్టెన్లు గోడ మొత్తం కప్పేశాయి, ఒక్క అంగుళం మిగల్లేదు. ఏడాదిగా ఆ గదిలో ఉన్నాను కానీ మొదటిసారి అది గదిలా కనపడింది. అవతల ఏదో పెద్ద కిటికీ ఉన్నట్టే ఉంటుంది.

రోజూ పొద్దున పనికి పోయేముందు ఎలియట్ వాటిని రెండు వైపులకీ లాగుతాడు. వెనక ఉన్నది గోడే. కాసేపు దాన్ని చూసి, టీ తాగి వెళ్ళిపోతాడు.

మీ కార్లీ